గంజీఫా: ముక్క వీపున నున్న పనితనము

పేకముక్క యొక్క శ్రేష్ఠతను దాని ముఖమును బట్టి గాక వీపును బట్టి నిర్ణయింపవలెనని నా దృఢవిశ్వాసము. ముఖముమీద చిత్రకారుడు తన విద్యనంతయు ప్రదర్శింపవచ్చును. వీపుమీద నతడు తన చేతిగురుతు నేమియు మిగుల్చరాదు. కట్టలోని ముక్కలలో ఏ యొక్కదాని వెనుకనైనను ఆవగింజంత మరక నిలిచినను, పూత ఒకింత చిక్కనై చాయ మారినను, ఎదుటి ఆటగాని కన్ను దానిని పసిగట్టును, ఆట చెడును. అచ్చుయంత్రములు రాకపూర్వము మన దేశమున చేతితో గంజీఫా అను గుండ్రని పేకముక్కలు చేసిన శిల్పులు ఒక్క రంగుతో మూసివేయబడెడు ఆ వీపులన్నిటిని ఏకరూపముగ దిద్దుటకై పడిన శ్రమను తలచుకొన్నప్పుడెల్ల నాకు వారియెడ గౌరవము ఇనుమడించును.

ఈ గుండ్రని ముక్కల ఆట ఉత్తరహిందూస్థానమున మొగలాయీల కాలమున ప్రసిద్ధికెక్కినది. సింధుదేశమేలు షా హసను మక్కువపడి కోరగా గంజీఫా పంపితినని బాబరు 1527 నాటి తన దినచర్యలో వ్రాసికొనెను. అక్బరు కొలువులోని ఆటకు అశ్వపతి, గజపతి, నరపతి మొదలైన పండ్రెండు జాతులును, జాతికి పండ్రెండేసి చొప్పున 144 ముక్కలును గలవని అబుల్ ఫజల్ వర్ణించినాడు. పిమ్మట జనసామాన్యమున నిలిచినది కిరీటము, ఖడ్గము, నాణెము మొదలగు గురుతులతో ఎనిమిది జాతుల, 96 ముక్కల ఆట. దానినే హిందువులు దశావతారములకు మలచుకొని 120 ముక్కలు చేసికొనిరి. అందు పగటివేళ రాముని రాజు ఎవని చేత నున్న వాడును, రాత్రివేళ కృష్ణుని రాజు ఎవని చేత నున్న వాడును ఆట ప్రారంభింపవలెనను నియమము నాకు మిక్కిలి ఇష్టము.

నేటి ముక్కవలె గంజీఫాకు మూలలు లేవు, మూలను అంకెయు లేదు. కావున జాతికొక నేలరంగు నిర్ణయించిరి. ముక్కలను విసనకఱ్ఱవలె విప్పి పట్టినపుడు అంచున తొంగిచూచు రంగే జాతిని తెలుపును. ప్రతి జాతియందును రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వఱకు లెక్కముక్కలు. ఇందులో సగము జాతులయందు మంత్రి తరువాత పదియే పెద్దది. తక్కిన సగమున క్రమము తిరుగబడి ఒకటియే పెద్దదగును. కావున ఆరు చేపలకును ఏడు చేపలకును గల భేదము చూచిన క్షణముననే తెలియవలెను. అఱచేతికన్న చిన్నదైన వలయములో పది తాబేళ్లను ఒకదానిపై నొకటి పడకుండ, లెక్క తప్పనీయకుండ అమర్చుట ఎంతటి రచనాకౌశలమో ఆలోచింపుడు.

ఒడిశా చిత్రకారులు పాతచీరల గుడ్డను పొరలుపొరలుగా చింతగింజల జిగురుతో అంటించి, సుద్దపొడి కలిపిన పూత రెండువైపుల నెక్కించి, ఆరిన పిమ్మట నున్నని రాతితో రుద్ది రుద్ది మెఱుగు తెత్తురు. దానిని గుండ్రముగా కత్తిరించి, శంఖపుపొడితో తెలుపు, ఇంగిలీకముతో ఎఱుపు, హరిదళముతో పసుపు, దీపపుమసితో నలుపు వేసి, తుదకు లక్కపూత పూయుదురు. అట్టి ముక్క నొకదానిని వ్రేళ్లనడుమ వంచి చూడుడు: అట్టవలె విఱుగదు, గుడ్డవలె వ్రేలాడదు, కొంచెము వంగి, విడిచినంతనే తన రూపమునకు వచ్చును.

పెట్టెయు ఈ కళలో భాగమే. ఒకవైపునకు జారు మూతగల చెక్కపెట్టెను చేసి, ముక్కలు వ్రాసిన కుంచెతోనే దాని పార్శ్వములపై దేవతామూర్తులను, పూలతీగలను చిత్రించుచుండిరి. లోపల ముక్కలు దొర్లి అంచులు రాచుకొన్నచో ఆ గురుతులే ఆటగానికి ఆనవాళ్లగును. కనుక పెట్టె బిగువు అలంకారముకంటె ముఖ్యమైనది.

పనితనమును బట్టి గంజీఫాను దర్బారు కలమనియు, బజారు కలమనియు రెండుగా చెప్పుదురు. దంతముపైనను తాబేటిచిప్పపైనను బంగారుపూతతో వ్రాసినవి మొదటివి. కాగితముపైనను గుడ్డపైనను త్వరితముగ గీసినవి రెండవవి. మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరు ఈ ఆటను ఛదములను పేర పెంచి, తన శ్రీతత్త్వనిధి గ్రంథమందు వివరించెను. ఐనను నా మనస్సు బజారు కలమువైపే మొగ్గును. నాలుగు గీతలలో వరాహము వరాహమువలె కన్పడుట దంతముపై బంగారము పూయుటకంటె కష్టము.

మన తెలుగునేలను నిర్మల్‌లోను, కర్నూలు సీమలోని నొస్సములోను ఈ ముక్కలు తయారైనవి. యంత్రముపై అచ్చయిన, చౌకయైన ఏబదిరెండు ముక్కల పేక వచ్చి వీనిని వీధినుండి తొలగించినది. ఆ కొత్త ఆటకు మనవారు వాడు కళావరు అను మాట డచ్చివారి క్లావరు నుండి వచ్చినదనియే నాకు తోచును. బందరులో వారి వర్తకస్థానము ఉండెను గదా.

కొంకణమున సావంతవాడి సంస్థానమందును ఈ పని దాదాపు అడుగంటినది. 1970 తరువాత అచ్చటి రాజదంపతులు, అది ఇంకను చేతనున్న వృద్ధ చిత్రకారు నొకని యొద్ద తాము స్వయముగ కూర్చుండి నేర్చుకొని, పిమ్మట ఇతరులకు నేర్పించిరి. నాడు రాజు కొలువుదీరిన దర్బారు సాలలో చిత్రకారులు నేలపై చాపలు పఱచుకొని, సన్నని కుంచెలతో మత్స్యమును, కూర్మమును దిద్దుచుందురు.