దించాకే ఎరుపు

లెచో వండేటప్పుడు హంగేరీ ఇల్లాళ్లు ఉల్లిపాయలు మెత్తబడగానే గిన్నెను పొయ్యి మీంచి దించేస్తారు. ఆ వేడి నూనెలో చెంచాడు పాప్రికా అనే మిరప పొడి వేసి, గబగబా కలిపి, తరిగిన కూరగాయలు పోసి మళ్లీ పొయ్యెక్కిస్తారు. పొడిలో చక్కెర పాలు ఎక్కువ కాబట్టి, మంట మీద వేస్తే క్షణంలో మాడి చేదెక్కుతుంది. దించి వేస్తే దాని రంగంతా నూనెలోకి దిగుతుంది. పోపులో ఎండుమిరపకాయ నల్లబడకుండా కాచుకునే మన చేతులకు ఈ ఒడుపు తెలిసిందే.

లెచో అంటే తీపి మిరపకాయలు, టమాటాలు, ఉల్లిపాయలు కలిసి తమ నీటిలోనే ఉడికిన కూర. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సంతల నిండా లేత పసుపు మిరపకాయలు పోగుపడినప్పుడు దీన్ని వండుతారు, చలికాలానికి సీసాల్లో పట్టి దాస్తారు. చూపుకి ఆ కాయలు మన బజ్జీ మిరపకాయలకు లావుపాటి అక్కచెల్లెళ్లు.

ఇంతగా హంగేరీదైపోయిన ఈ కూరలో ఉల్లిపాయ తప్ప మిగతావన్నీ సముద్రం దాటి వచ్చినవే. మిరప, టమాటా రెండూ అమెరికా ఖండాల పంటలు. కొలంబస్ మొదటి యాత్ర ముగించుకుని 1493లో తిరిగి వచ్చాక మిరప స్పెయిన్ చేరింది. 1541లో బుడా నగరం తుర్కుల వశమైంది, 1686 దాకా వాళ్ల చేతిలోనే ఉంది. ఆ కాలంలోనే మిరప హంగేరీలో వేళ్లూనింది. అందుకే మొదట్లో దాన్ని ‘తుర్కు మిరియం’ అన్నారు. మిరియానికి స్లావ్ భాషల్లో ఉన్న మాట నుంచే పాప్రికా అనే పేరూ పుట్టింది. అదే 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు మన పడమటి తీరానికి ఇదే కాయను మోసుకొచ్చాయి. మన మిరపకాయ పేరులోనూ మిరియమే వినిపించడం నాకెప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

అక్కణ్నుంచి దారులు చీలాయి. మనం కారాన్ని నెత్తిన పెట్టుకున్నాం. వాళ్లు కారం తగ్గించి రంగు నిలుపుకునే ఉపాయం వెతికారు. 1859లో తీసా నది ఒడ్డున ఉన్న సెగెద్ పట్టణంలో పాల్ఫీ సోదరులు కాయలోని గింజలు, ఈనెలు తీసేసి పొడి కొట్టే యంత్రాన్ని రూపొందించారు. కారం దాదాపు అంతా గింజలు అంటుకుని ఉండే ఆ తెల్లటి ఈనెల్లోనే ఉంటుంది. అవి పోయాక మిగిలిన పొడిని చిటికెలు వదిలి చెంచాలతో కొలవడం సాధ్యమైంది. దానికి తోడు 19వ శతాబ్దం చివర్లో బల్గేరియా నుంచి వచ్చిన తోటమాలులు నీటి పారకం పెట్టి కూరగాయలు విరివిగా పండించారు. లెచో వంటల పుస్తకాలకెక్కింది ఆ తర్వాతే, 20వ శతాబ్దంలో.

ఈ కాయ చరిత్రలో నన్ను బాగా కదిలించే ఘట్టం కూడా సెగెద్‌లోనే జరిగింది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ సెంట్ జార్జి విటమిన్ సి మీద పనిచేస్తున్నాడు. పశువుల అడ్రినల్ గ్రంథుల నుంచి తీస్తే అది పిసరంతే దక్కేది, పరిశోధన ముందుకు సాగేది కాదు. ఓ రాత్రి భార్య భోజనంలో పచ్చి పాప్రికా కాయ వడ్డించింది. ఆయనకు తినబుద్ధి కాలేదు. ఇంతవరకూ దీన్ని పరీక్షించలేదే అని తట్టి, కాయను ప్రయోగశాలకు పట్టుకెళ్లాడు. అర్ధరాత్రికల్లా అది విటమిన్ సి గని అని తేలింది. గ్రాముల లెక్కన దొరికిన పదార్థం కొన్ని వారాల్లోనే కిలోకు పైగా చేతికొచ్చింది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఊరంతా వండుకునే కూరగాయ అన్నేళ్లూ కళ్లెదుటే ఉంది!

మన వంటింట్లో లెచో సులువే. కిలో కాయలకు అరకిలో టమాటాలు, రెండు పెద్ద ఉల్లిపాయలు చాలు. పల్లెల్లో పంది కొవ్వు వాడతారు, పొద్దుతిరుగుడు నూనెతోనూ బాగుంటుంది. ఆకుపచ్చ క్యాప్సికం వద్దు, చేదు తగులుతుంది. పసుపువీ ఎర్రవీ తీసుకోండి. పాప్రికా పొడి దొరకకపోతే వరంగల్ చపాటా మిరప పొడి వాడండి. టమాటా మిరప అని రైతులు పిలిచే ఆ కాయకు కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. గుంటూరు కారం మాత్రం చెంచాలతో వేయకండి. నీళ్లు పోయకుండా మూతపెట్టి, సన్నటి సెగ మీద కాయలు మెత్తబడేదాకా ఉంచాలి. చివర్లో రెండు గుడ్లు కొట్టి కలిపేవాళ్లున్నారు, గుప్పెడు బియ్యం వేసి ఉడికించేవాళ్లూ ఉన్నారు. గిన్నె అంచున తేలిన ఎర్రటి నూనెను రొట్టె ముక్కతో అద్దుకుని తింటారు.