నీటిరంగుల బొమ్మలో మనం

పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా చిత్రకారులకు తూర్పు దేశాలంటే మోజు. ఇంగ్లండుకు చెందిన జాన్ ఫ్రెడరిక్ లూయిస్ కైరోలో దాదాపు పదేళ్లు ఉండి, 1850లో లండన్‌లో 'హరేమ్' అనే నీటిరంగుల చిత్రం ప్రదర్శించి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. పరాయి మగవాడు అడుగుపెట్టలేని అంతఃపురం అది. తూర్పును ఇలా తమకు నచ్చినట్టు ఊహించుకోవడానికీ, దాన్ని పాలించడానికీ ఉన్న సంబంధాన్ని ఎడ్వర్డ్ సయీద్ 1978లో 'ఓరియంటలిజం' పుస్తకంలో వివరించాడు.

ఇది మన తండాలకు దూరపు సంగతి కాదు. నీటిరంగులు చిన్న పెట్టెలో పడతాయి, త్వరగా ఆరతాయి. అందుకే ఇండియాకు వచ్చిన కంపెనీ అధికారులు వాటిని వెంట తెచ్చుకున్నారు. వాళ్ల కోసం మన దేశపు చిత్రకారులు కూడా కులాలు, వృత్తుల బొమ్మలు వరసగా గీసిచ్చారు. వాటినే కంపెనీ చిత్రాలంటారు. చాలా బొమ్మల్లో ఒక మగవాడు, ఒక ఆడమనిషి, కింద కులం పేరు ఉంటాయి. మనిషి పేరు ఉండదు. వెనక ఊరు లేదు, దారి లేదు, ఉత్త తెల్లకాగితమే.

బంజారాలనూ అలాగే గీశారు. పేటియా, కాంచళి, చేతినిండా బలియాలు కనిపిస్తాయి. లదేణి కనిపించదు. వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కనంతా తిరిగిన వర్తకం అది. 1791లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు అందించింది కూడా ఆ ఎడ్లే. బొమ్మలో మనం వింత దుస్తుల వాళ్లం. చరిత్రలో దేశానికి దారులు వేసినవాళ్లం.

ఒక మనిషిని చూసి జాతి మొత్తానికి ఒకే గుణం అంటగట్టే అలవాటు కాగితం మీదే ఆగలేదు. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. పలుచోట్ల బంజారాలనూ ఆ జాబితాలో చేర్చారు. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. బొమ్మలు చట్టాన్ని చేశాయని మేము అనడం లేదు. రెండింటి వెనకా ఉన్న చూపు ఒకటే అంటున్నాం.

అలాగని ఆ చిత్రాలను పారేయనక్కర్లేదు. అప్పటి కుట్టు, నగ, రంగు వాటిలో దొరుకుతాయి. మొగుడంపల్లి తండాల పిల్లలకు ఉపాధ్యాయులు అలాంటి బొమ్మ ఒకటి చూపించి మూడు ప్రశ్నలు వేయాలి: ఎవరు గీశారు? ఎవరి కోసం? ఏం వదిలేశారు? మూడో ప్రశ్నకు జవాబు ఇంట్లో అవ్వాతాతలను అడిగి రాసుకురమ్మనాలి. ఆ తెల్లకాగితం నింపాల్సింది మనమే.