‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలోని లెక్క – అర్థవిచారము

తెలుగునాట రామదాసు కీర్తనలు వినని వారరుదు. వానిలో ‘ఇక్ష్వాకు కులతిలక’ యను కీర్తన పండితులకును పామరులకును సమానముగ ప్రియమైనది. భజనకూటములలో, హరికథలలో, పెండ్లిపందిళ్లలో, రామనవమి చలువపందిళ్లలో ఇది తరతరములుగా వినబడుచున్నది. రామదాసు కథ 1964లోను, మరల 2006లోను చలనచిత్రమై ఇంటింటికిని చేరినది. ఇంత పరిచితమైన పాట యగుటచేతనే కాబోలు, దీని యర్థమును గూర్చి నిలిచి ఆలోచించు నలవాటు మనకు తక్కువ. నిలిచి ఆలోచించినచో చిక్కులు పెక్కు తోచును. చెరసాలలోని భక్తుడు దేవుని యెదుట ఆభరణముల ధరలేల చెప్పును? ప్రతి వస్తువునకును పదివేలే యేల పట్టెను? ఒకచోట వరహాలు, వేరొకచోట మొహరీలు ఏల వచ్చెను? రాముని తురాయికి మాత్రము ధర యేల లేదు? తిట్టినవాడు వెంటనే క్షమాపణ మేల వేడెను? ఈ ప్రశ్నలను విడివిడిగా కాక ఒక్కటిగా పరిశీలించిన, కీర్తన స్వరూపము తేటపడునని నా యభిప్రాయము.

మొదట చరిత్ర భూమికను సంగ్రహముగ తలచుకొందము. కంచర్ల గోపన్న నేలకొండపల్లి వాస్తవ్యుడు. గోలకొండ ప్రభువు అబుల్‌హసన్ తానీషా (1672–1687) కాలమున పాల్వంచ పరగణాకు తహసీల్దారుగ నుండెను. తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడని సంప్రదాయము. పన్నుల రూపమున వసూలైన ద్రవ్యమును భద్రాచల రామాలయమునకు వెచ్చించెననియు, అందుకు గోలకొండ కోటలో పండ్రెండేండ్లు బంధింపబడెననియు, తుదకు రామలక్ష్మణులే బంట్ల వేషమున వచ్చి తానీషాకు ఆరు లక్షలు చెల్లించి విడిపించిరనియు కథ. అక్కన్న మాదన్నలు 1686లో హతులైరి; మరుసటి యేట గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. ఈ కీర్తన బంధన కాలమున పుట్టినదని సంప్రదాయము చెప్పును. కీర్తనలోని దెబ్బల ప్రస్తావన కూడ అందుకు అనుకూలముగనే యున్నది.

కీర్తన నడక

పల్లవిలో కవి రాముని ఇకనైన పలుకుమని వేడును. నీవు గాక దిక్కెవ్వరనును. పిదప పద్దులు మొదలగును. చుట్టు ప్రాకారములు కట్టించితిననియు వానికి పదివేల వరహాలు పట్టెననియు మొదటి పద్దు. గోపుర మంటపములు రెండవది. దీనికి మొత్తము చెప్పబడలేదు, ధర రావలసిన చోట రక్షింపుమను వేడికోలు వచ్చినది. తరువాత భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాల పతకము, సీతమ్మకు చింతాకు పతకము, ప్రతిదానికిని పదివేలు. చిట్టచివర రాముని కలికితురాయి. దాని వెల చెప్పకుండ, అది యెవరి సొమ్మనుకొని కులుకుచున్నావని కవి నిలదీయును. దశరథుడు పంపెనా, జనకుడు పెట్టెనా యని యెత్తిపొడుచును. ఆ వెంటనే, దెబ్బల కోర్వలేక తిట్టితిని, మనసు కష్టపెట్టుకొనకుమని వేడుకొని, తన్నేలుకొమ్మని ముగించును.

ఈ క్రమమును చూచినచో ఇది యొక తహసీల్దారు నోట సహజముగ వెలువడు నడక యని తెలియును. పని పేరు, చేయించినవాడు, పట్టిన మొత్తము: ఇది జమాఖర్చు చిట్టాలోని ఖర్చుపద్దు వ్రాయు పద్ధతి. జీవితమంతయు పరగణా లెక్కలు వ్రాసిన చేయి పాటలోను ఆ లెక్కయే వ్రాసినది.

పదివేల చిక్కు

ఈ పద్దులను నిజమైన చిట్టాగ గ్రహింపవచ్చునా యనునది తరువాతి ప్రశ్న. కొందరు ఈ కీర్తనను భద్రాచలాలయ నిర్మాణ వ్యయమునకు ప్రమాణముగ చూపుచుందురు. మొలత్రాటి పద్దొక్కటి పరిశీలించిన చాలును. అది రత్నఖచితము కాదు, బంగారు మొలత్రాడు. కనుక దాని వెల విశేషముగ బంగారము తూకమే. మొహరీ దాదాపు 11 గ్రాముల బంగారు నాణెము. పదివేల మొహరీలన్నచో నూరు కిలోలకు మించిన బంగారము! దానిని వరహాలుగ మార్చి, వరహా సుమారు 3.4 గ్రాములని లెక్కించినను 34 కిలోలగును. విగ్రహపు నడుమున కట్టు త్రాటి కింత తూకము పొసగదు. కావున ‘పదివేలు’ ఇచట లెక్కకు వచ్చిన సంఖ్య కాదు, అధిక్యమును తెలుపు సంఖ్య. నూరు, వేయి, పదివేలు అను మాటలను ‘మిక్కిలి’ యను నర్థమున వాడుట తెలుగు వ్యవహారమున నేటికిని కలదు.

ఆరు లక్షల మాటను కూడ ఇచటనే విచారింపవలెను. కీర్తనలో వెల చెప్పిన పద్దులైదు. మొత్తము ఏబదివేల నాణెములు. అందు రెంటిని మొహరీలుగ గ్రహించి, మొహరీకి మూడు వరహాలకు పైబడిన విలువ కట్టినను లక్ష వరహాలకు లోపుగనే యుండును. కథలోని ఆరు లక్షలకును కీర్తనలోని లెక్కకును పొంతన లేదు. ఆరు లక్షల మొత్తము ఎంతటిదో తెలియుటకు ఒక పోలిక చెప్పవచ్చును. 1636లో అబ్దుల్లా కుతుబ్‌షా షాజహానుతో చేసికొన్న యొడంబడికను బట్టి గోలకొండ రాజ్యమంతయు మొగలులకు ఏటేట చెల్లింపవలసిన పేష్కషు రెండు లక్షల హొన్నులు. హొన్ను, వరహా ఒకే నాణెమునకు పేర్లు. ఆరు లక్షల వరహాలన్నచో రాజ్యము మూడేండ్లు చెల్లించు కప్పము! హొన్ను మారకము నాలుగు రూపాయల నుండి అయిదింటి వరకు పెరుగగా, ఆ తేడాకై మొగలులు ఇరువది లక్షల రూపాయల బాకీ యడిగి గోలకొండను పీడించిరి. నాణెముల లెక్క రాజ్యముల మధ్య వైరమునకే కారణమైన కాలమది. అట్టి కాలమున ఒక పరగణా ఉద్యోగి చేతిమీదుగ ఆరు లక్షలు వ్యయమగుట నమ్మ శక్యము కాదు. ఈ సంఖ్య కథను పెంచిన భక్తులది. కీర్తన దానికి సాక్ష్యము చెప్పదు.

వరహాలు, మొహరీలు

నాణెము మారుటకు కారణమేమి? వరహా దక్షిణదేశపు నాణెము. మొహరీ మొగలుల బంగారు నాణెము. శత్రుఘ్నుని మొలత్రాటికి ప్రత్యేకముగ మొగలు నాణెము వాడుటకు చరిత్ర కారణము కనబడదు. కారణము శబ్దమున నున్నది. ప్రాకారమునకు, పతకమునకు సరిపడునట్లు పాదము నడుమ ‘పదివేలు’ నిలిచినది. పకారము పకారముతో కలసినది. మొలత్రాటికి వచ్చునప్పటికి ‘మొ’ యను వర్ణము మరల కావలసి ‘మొహరీలు’ ముందునకు వచ్చినది. ఇది యతివంటి యొక వర్ణమైత్రి. సీతమ్మ పతకమున పకారముతోనే మైత్రి కుదిరినందున నాణెము పేరు స్వేచ్ఛగ మారగలిగినది. అందుచే ఒక పాఠమున వరహాలును, మరొక పాఠమున మొహరీలును వినబడుచున్నవి. నాణెమును నిర్ణయించినది ఖజానా కాదు, చెవి. ఈ సంగతి గమనింపక మొహరీల మీద ఆర్థికచరిత్రను నిర్మింపబూనుట ప్రమాదకరము.

కలికితురాయి

‘కలికితురాయి’ యను మాటకు అందమైన తురాయి యని సాధారణముగ అర్థము చెప్పుదురు. తెలుగున ‘కలికి’ యనగా సొగసుకత్తె, మనోజ్ఞమైనది. ఈ యర్థము ఇంపుగ నున్నను, శబ్దచరిత్ర వేరొక దారి చూపుచున్నది. తలపాగపై ధరించు ఈకల కుచ్చునకు, రత్నభూషణమునకు పారసీక సంప్రదాయమున ‘కల్గీ’, ‘తుర్రా’ యను పేళ్లు కలవు. మరాఠీలో ఈ రెండు మాటలును ‘కలగీతురా’ యని జంటగనే వాడబడును. ఆ జంటయే తెలుగు నోట ‘కలికితురాయి’ యైనదనుట సమంజసముగ తోచుచున్నది. పరిచయము లేని ‘కల్గీ’ని తెలుగు చెవి తనకు పరిచితమైన ‘కలికి’గ మార్చుకొన్నది. ఈ యర్థమును గ్రహించిన కీర్తనకు లోపము లేదు, లాభమే కలదు. గోలకొండ దర్బారున ప్రభువులు ధరించు శిరోభూషణమునే గోపన్న తన రామునకు పెట్టించినాడు. ఏ ప్రభువునకు చెల్లవలసిన సొమ్మో ఆ ప్రభువు చిహ్నమే రాముని తలపై వెలసినది! రామదాసు చేయించినవిగ చెప్పబడు కలికితురాయి, చింతాకు పతకము, పచ్చల పతకము నేటికిని భద్రాచల దేవస్థానమున నున్నవి.

‘అబ్బ’ యను మాట

తురాయి దగ్గర వెల లేకుండుట ఈ కీర్తనకు ఆయువుపట్టు. అంతవరకు శ్రోత ప్రతి వస్తువు తరువాత ఒక మొత్తమునకు అలవాటు పడియుండును. ఇచట మొత్తమునకు బదులు ప్రశ్న వచ్చినది. పరుల ధనమును లెక్కలేక వాడువానిని ‘ఎవడబ్బ సొమ్ము’ అని గద్దించుట తెలుగు పలుకుబడి. నిత్యవ్యవహారమున ఈ పలుకుబడిలో తండ్రి ప్రసక్తి ఉన్నట్లే తోచదు. రామదాసు దానిని వాచ్యార్థమున సాగదీసినాడు: అబ్బ యన్నచో తండ్రి, అట్లైన నీ తండ్రి పంపెనా, నీ మామ పెట్టెనా?

తరువాతి పాదములలో తిట్టుటను గూర్చి చెప్పునప్పుడు మరల ‘అబ్బ’ వచ్చినది. దానిని బాధచే వెలువడిన ‘అబ్బా’ యను ధ్వనిగ కొందరు గ్రహింతురు. తండ్రినెత్తి తిట్టుటగ మరికొందరు గ్రహింతురు. దశరథుని పేరు అప్పుడే వచ్చియున్నందున రెండవ యర్థము కుదురును. ‘దెబ్బ’తో ప్రాస కలసినందున మొదటి యర్థమును కుదురును. ఒకదానిని త్రోసి వేరొకదానిని నిలుపవలసిన పని లేదు. పలుకుబడిగ మొదలైన మాట తండ్రియై, తండ్రి నుండి తిట్టై, తిట్టు నుండి మూలుగైనది. దెబ్బలు తినువాని నోట మాట యిట్లే మారును.

ప్రశ్న యెవరిది?

కొందరు విమర్శకులు ఈ కీర్తనను నిందాస్తుతికి లక్ష్యముగ చెప్పుదురు. నిందాస్తుతిలో పైకి నింద, లోపల పొగడ్త యుండును. అట్లైనచో క్షమాపణ మక్కరలేదు. పొగడినవాడు మన్నింపుమని యేల వేడును? రామదాసు తిట్టినది నిజముగనే తిట్టినాడు. అందుచేతనే తరువాత నొచ్చుకొన్నాడు.

ఆ కోపము స్వరూపము తెలియుటకు గోలకొండ రెవిన్యూ పద్ధతిని తలచుకొనవలెను. 1618–1622 ప్రాంతమున మచిలీపట్టణమున ఆంగ్ల వర్తకుల ప్రతినిధిగ నుండిన విలియం మెథ్‌వోల్డ్, ఆ రాజ్యమున అధికారములు ఏటేట గుత్తకు పాడబడుట, ఒప్పుకొన్న సొమ్ము చెల్లింపలేని వారికి కఠిన దండనములు కలుగుట వర్ణించెను. 1614లో ఒక బ్రాహ్మణాధికారి బాకీ నిమిత్తము బెత్తముల దెబ్బలకు ప్రాణములు విడిచెనని వ్రాసెను. గోపన్న కాలము దాని కరువది యేండ్ల తరువాతిదైనను, సొమ్ము లెక్క చెప్పలేని ఉద్యోగికి దెబ్బలే శిక్ష యను స్థితి మనకు దీనివలన బోధపడును. కావున కీర్తనలోని దెబ్బలు కవిసమయము కావు.

అట్టి విచారణలో అధికారులు ఖైదీని అడుగు ప్రశ్న యేమి? ఏ పనికి ఎంత ఖర్చు చేసితివి, ఎవరి సొమ్మనుకొని చేసితివి యనియే కదా. ఈ దృష్టితో మరల కీర్తనను చదివిన చిక్కులన్నియు విడిపోవుచున్నవి. మొదటి సగము ఆ విచారణకు సమాధానము: పద్దు వెంట పద్దు, మొత్తము వెంట మొత్తము. తురాయి దగ్గరకు వచ్చునప్పటికి సమాధానము నిలిచిపోయినది. తన్నడిగిన ప్రశ్ననే ఖైదీ త్రిప్పి రాముని అడిగినాడు. సొమ్ము ఎవరిదని నన్ను కొట్టుచున్నారు, ధరించి తిరుగుచున్నవాడవు నీవు, నీవే చెప్పుము. పల్లవిలో ‘పలుకుము’ అని వేడుట కూడ అప్పుడు క్రొత్త బరువును సంతరించుకొనును. అది దర్శనమునకై చేయు ప్రార్థన మాత్రమే కాదు, సాక్ష్యమునకై పిలుపు.

ఇంకొక విశేషము గమనింపదగినది. ఈ కీర్తనలో ఎచటను గోపన్న ఆ సొమ్ము తనదని చెప్పుకొనలేదు. ప్రభువునకు చెల్లవలసినది కాదనియు వాదింపలేదు. దశరథునిది కాదు, జనకునిది కాదు అని సూచించి ఊరకున్నాడు. మిగిలిన సమాధానము శ్రోతకు తెలిసినదే. తరువాతి కథలు ఆయనను నిర్దోషిగ నిలుపుటకు ఆరు లక్షలను, రామమాడలను, ఇరువురు బంట్లను తెచ్చినవి. కీర్తన మాత్రము అంత దూరము పోలేదు. చేసిన ఖర్చును దాచలేదు, చేసినందుకు పశ్చాత్తాపపడలేదు, తిట్టినందుకు మాత్రము నొచ్చుకొన్నది.

కావున ఈ పాటను ఆలయ నిర్మాణపు లెక్కగ చదువుట పొరపాటు. కేవల భక్త్యావేశముగ చదివి లెక్కను విడిచిపుచ్చుటయు పొరపాటే. అంకెలు నిజము కాకపోవచ్చును. అంకెలు చెప్పవలసి వచ్చిన స్థితి నిజము. మౌఖిక సంప్రదాయమున నిలిచిన కీర్తనలను చరిత్రకు వినియోగించు పరిశోధక విద్యార్థులు ఈ భేదమును మనసున నుంచుకొనవలెను. కీర్తన మనకు ఖజానా మొత్తమును చెప్పదు. ఆ ఖజానాకు జవాబు చెప్పవలసి వచ్చిన మనుష్యుని గొంతును వినిపించును.