ఆంధ్రమహాసభ నుండి శాసనసభకు : రావి నారాయణరెడ్డి నాయకత్వము

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, నేడు సైబరాబాదు అని వ్యవహరింపబడు ప్రాంతపు రెవెన్యూ దప్తరములను చూచువారికి రాయదుర్గము పేరు మూడు విధములుగా కానవచ్చును: రాయదుర్గం పైగా, రాయదుర్గం పన్‌మక్తా, రాయదుర్గం నవ్‌ఖాల్సా. పైగా యనగా సేనాపోషణమునకై నిజాము ప్రభువులు ఒక ప్రభువంశమున కొసగిన భూమి. మక్తా యనగా నిర్ణీతమైన శిస్తుపై ఈయబడినది. ఖాల్సా యనగా సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసికొనునది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఈ పరిసరములలో ఆ పూర్వవ్యవస్థ నేడు పేరులలో మాత్రమే మిగిలియున్నది. అది అట్లు మిగులుటకు గల కారణములలో తెలంగాణ రైతాంగోద్యమము ముఖ్యమైనది. ఆ ఉద్యమమును అధికారపు వాకిటికి చేర్చుటలో రావి నారాయణరెడ్డి వహించిన పాత్రను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

1921లో ఆంధ్రజనసంఘముగా మొలకెత్తి, 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమ సమావేశము జరుపుకొన్న ఆంధ్రమహాసభ మొదట భాషాసంస్కృతుల సంస్థ. గ్రంథాలయములు, పాఠశాలలు, సంఘసంస్కారము దాని ప్రధాన వ్యాసంగములు. వెట్టిచాకిరిని అది ఖండింపకపోలేదు. కాని తీర్మానము, విజ్ఞప్తి అనునవే దాని సాధనములు.

నారాయణరెడ్డి 1908లో భువనగిరి సమీపమున బొల్లేపల్లిలో సంపన్న భూస్వామి కుటుంబమున జన్మించెను. హరిజనసేవతో ప్రజాజీవితమున ప్రవేశించి, 1938లో స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహమున తొలి జట్టులో నిలిచి, మరుసటి సంవత్సరము కమ్యూనిస్టు పార్టీలో చేరెను. 1941లో చిలుకూరు మహాసభకును, 1944లో భువనగిరి మహాసభకును ఆయనయే అధ్యక్షుడు. భువనగిరిలో మితవాదులు వేరుపడిరి. సభ్యత్వ రుసుము అణాకు తగ్గింపబడెను. ఈ అణా చిన్న విషయము కాదు. విద్యావంతుల సభ దీనితో కౌలుదారునికిని, కూలివానికిని స్వంతమైన 'సంఘ'మయ్యెను.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట ఉద్యమము సాయుధరూపము దాల్చుట కారంభించెను. 1947 సెప్టెంబరు 11న నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీను కలిసి సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిరి. నల్లగొండ, వరంగల్లు జిల్లాల అనేక గ్రామములలో దొరల గడీలు శూన్యములు కాగా, తగవులు తీర్చుట, భూములు పంచుట సంఘముల వశమయ్యెను. ఉద్యమము తొలిసారి అధికారమును చవిచూచినది రాజధానిలో కాదు, పల్లెలో.

1948 సెప్టెంబరులో నిజాము లొంగిపోయిన తరువాత నాయకత్వమునకు అసలైన పరీక్ష ఏర్పడెను. పోరాటము కొనసాగవలెనని పార్టీలో ప్రబలమైన అభిప్రాయము. పరిస్థితి మారినది కావున విరమింపవలెనని నారాయణరెడ్డి వాదించెను. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను. పార్టీపై నిషేధముండుటచే 1952 ఎన్నికలలో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంటు పేర పోటీచేసిరి. నల్లగొండ లోకసభ స్థానమున నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు లభించెను. ఇవి నెహ్రూకు లభించిన ఓట్లకంటె అధికము. అది ద్విసభ్య నియోజకవర్గ మగుటచే ఓటరుకు రెండు ఓట్లుండెనను విషయము మరువరాదు. కాని ఈ గెలుపు నల్లగొండ జిల్లాప్రజల తీర్పనుటలో సందేహము లేదు.

అయినను ఉద్యమము ప్రభుత్వమును స్థాపింపలేకపోయెను. 175 స్థానములుగల హైదరాబాదు శాసనసభలో కాంగ్రెసునకు 93, ఫ్రంటునకు 42 దక్కెను. బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యైరి. దీనిని బట్టి ఉద్యమము విఫలమైనదని కొందరందురు. ఈ నిర్ణయము తొందరపాటుతో కూడినది. 1949లో సర్ఫెఖాస్ విలీనము, జాగీరుల రద్దు, 1950లో కౌలుదారీ చట్టము వెలువడినవి. వీనిని తెచ్చినది ఉద్యమమును సైన్యముతో అణచిన ప్రభుత్వమే. చట్టము వ్రాసిన చేయి వేరు, వ్రాయించిన ఒత్తిడి వేరు. ఆ ఒత్తిడి ఏ ఒక్కని సృష్టియు కాదు; పుచ్చలపల్లి సుందరయ్య మొదలగు నాయకుల కృషియు, పేరు నమోదుకాని వేలాది రైతుల, స్త్రీల త్యాగమును అందు కలవు. నారాయణరెడ్డి ప్రత్యేకత వేరొకటి: తీర్మానమును విడిచి సంఘమును, సంఘము చాలనప్పుడు ఆయుధమును, ఆయుధమునకు కాలము చెల్లినప్పుడు ఓటును చేపట్టవలెనని గ్రహించుట. చేపట్టుటకంటె విడుచుట కష్టము.

కావున అధికారప్రాప్తిని మంత్రిపదవులతోనే కొలువరాదు. 1950 చట్టము కల్పించిన 'రక్షిత కౌలుదారు' హక్కు నేటికిని భూవివాదములలో ప్రస్తావనకు వచ్చుచునే యున్నది. రాయదుర్గపు భూమి విలువ నేడు గజములలో లెక్కింపబడుచున్నది. ఆ నేలను దున్నినవారెవరను ప్రశ్న మాత్రము అణా సభ్యత్వమునాడు పుట్టినదే. ఆ ప్రశ్నను దప్తరములలో వెదకుట పరిశోధకుల విధి.