పావలా కిరాయికి అంతరిక్షం

ఇట్ల దగ్గరికి జరుగుండ్రి, చలి పెడుతున్నది. ఏమంటివిరా చిన్నోడా, తెలుగుల సైన్స్ ఫిక్షన్ ఏడుంది తాతా అంటివి గదా? ఉండె బిడ్డా, మస్తుగ ఉండె. మన బర్కత్‌పుర గల్లీలల్లనే ఉండె. యండమూరి వీరేంద్రనాథ్ నవల అనుకుంటనే చదివినం, దానికి ఇంకో పేరున్నదని మాకు ఎవరూ చెప్పలే.

అప్పుడు ఇన్ని అపార్ట్‌మెంట్లు లెవ్వు. నారాయణగూడ దిక్కు నడుస్తుంటే నడుమ అద్దె లైబ్రరీలు తగిలేటియి. ఒక్క అర్ర, గోడలకు చెక్క అలమారలు, పుస్తకాలకు ఖాకీ అట్టలు. డిపాజిట్ కట్టాలె, రోజుకు పావలా కిరాయి. కొత్త నవలైతే ఇంకింత ఎక్కువ గుంజేటోడు. మీ నాయనమ్మ పగటి అన్నాలైనంక పుస్తకం తెచ్చుకునేది. కిరాయి కలిసొస్తదని పక్కింటామె, ఈమె ఒకటే పుస్తకం వంతులేసుకొని చదివేటోళ్లు. ఆఖరి కాగితాలు చినిగిన పుస్తకం దొరికిందా, ఇగ ఆ రాత్రి ఇంట్ల కూరల ఉప్పు సంగతి ఎవరికీ పట్టకపోయేది. కొందరు దుర్మార్గులు డిటెక్టివ్ నవల మొదటి పేజీలనే, హంతకుడు ఫలానా వాడు అని పెన్సిల్‌తోని రాసిపెట్టేటోళ్లు! పైసలున్నోళ్లు వారపత్రిక కొని, సీరియల్ కాగితాలు వేరుచేసి, కుట్టి బైండు చేయించుకునేది. గసొంటి బైండు పుస్తకం ఇంటింటికి తిరిగి తిరిగి నలిగిపోయేది.

ఆ కాలం ఎట్లుండెనో చెప్తే గని యండమూరి నవలలు ఎందుకంత నడిచినయో మీకు సమజ్ కాదు. 1979 జూలైల అమెరికావోళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిమీద పడుతదని ఊళ్లకూళ్లు వణికినయి. ఎట్లైనా సచ్చుడే గదా అని మేకలు, కోళ్లు కోసుకతిన్నరని చెప్పుకునేటోళ్లు. అదేమో పోయి ఆస్ట్రేలియా దిక్కు కూలింది. తిన్న మేకలు మల్ల రావు గదా! అటెంక 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. ఉస్మానియా యూనివర్సిటీవాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీల శాస్త్రవేత్తలు దుర్బిణులు పెట్టుకొని చూస్తుంటే, ఈడ మనవాళ్లు కిటికీలకు దుప్పట్లు కట్టుకొని కూసున్నరు. అదే యేడు జూలైల శ్రీహరికోట నుంచి మన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని మోసుకొని పైకి పోయింది. ఆకాశమంటే భయం, ఆకాశమంటే గర్వం, రెండూ ఒక్క ఇంట్లనే ఉండె.

ఆ ఇంట్లకు నేరుగ వచ్చినోడు యండమూరి వీరేంద్రనాథ్. 1948ల తూర్పు గోదావరి జిల్లా రాజోలుల పుట్టిండు. చార్టర్డ్ అకౌంటెంట్. ఆయన నవల చదువుతే లెక్కల మనిషని ఎరుకైతది. ముందట ఒక చిన్న సంగతి వదిలి, ఇరవై అధ్యాయాలైనంక దాన్ని వడ్డీతోని వసూలు చేస్తడు. 1982ల నాటకానికి రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినా, జనానికి ఆయన సీరియళ్ల మనిషే. సికరాజు సంపాదకుడుగ ఉన్న ఆంధ్రభూమి వారపత్రికల ‘తులసిదళం’ వచ్చినప్పుడు చూడాలె, కాష్మోరా అనే క్షుద్రశక్తి పేరు వింటే పెద్దమనుషులు సుత లైటు ఆర్పకుండ పండుకున్నరు. అండ్ల చేతబడి ఉన్నది, దాని పక్కపొంటి వైద్యం, హిప్నాటిజం గూడ ఉన్నయి. కథల ఉన్న చిన్న పాపకు ఏమైందో మంత్రగాడు ఒక తీరుగ చెప్తడు, డాక్టరు ఇంకో తీరుగ చెప్తడు. ఏది నమ్ముకుంటవో నీ ఇష్టమని విడిచిపెట్టిండు. రచయిత్రి రంగనాయకమ్మకు ఈ వరుస నచ్చలే. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము!’ అని ఏకంగ పుస్తకమే రాసింది. నన్నడుగుతే ఆమె కోపంల న్యాయమున్నది. అటూ ఇటూ తేల్చకుంటే జనం భయం దిక్కే పోతరు. కని ఒక మాట, డాక్టర్ల వాదన అంత ఓపిగ్గ కథల చెప్పిన వారపత్రిక రచయిత మాకు అంతకుముందు తగల్లే.

అసలు సంగతి ఆయన రాసిన ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’. ఒకటేమో రోదసి నవల. రెండోది భూమికి ఇగ నూకలు చెల్లినయని తెలిసినంక మనుషులు ఏం చేస్తరన్న కథ. స్కైలాబ్ నాడు మేకలు కోసుకున్నోళ్లకు ఆ కథ ఎవరన్న విడమరిచి చెప్పాల్నా? ఇంజనీరింగ్ చదివిన పోరగాళ్లు ఆయన సైన్సుల తప్పులు పట్టేటోళ్లు. పట్టనీ. పగటిపూట బియ్యం ఏరుకుంట ఒక గృహిణి నక్షత్రాల దూరం గురించి ఆలోచించిందంటే ఆ పుణ్యం ఎవరిది?

ఆయన కంటె ముందు ఎవరూ లేరని కాదు. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహా హూహూ’ల ఒక గంధర్వుణ్ణి తీస్కపోయి లండన్‌ల పడేసిండు. చందమామ నడిపిన కొడవటిగంటి కుటుంబరావు సైన్సు వ్యాసాలు ఎన్నో రాసిండు. అమెరికాల ప్రొఫెసర్ చేసిన వేమూరి వేంకటేశ్వరరావు తెలుగుల సైన్సు కథలు రాసిండు. ఇంగ్లీషుల వెల్స్ 1895లనే టైం మిషన్ మీద నవల రాసిపెట్టిండాయె. మనకు ఆ మిషన్ ఎక్కి రాయలవారి కాలానికి పోయే భాగ్యం 1991ల సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’తోని దొరికింది. ఆ సిన్మా చూసొచ్చి మీ నాయన పాత కూలర్ల కూసోని, అండ్ల లెక్కనే 2504వ సంవత్సరానికి పోతున్న అని ఒకటే లొల్లి.

అప్పటికే యండమూరి సిన్మాల దిక్కు మళ్లిండు. ‘అభిలాష’ అసొంటి నవలలు తెర మీద ఆడినయి, తానే డైరెక్టరై 1991ల ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ తీసిండు. అటెంక ‘విజయానికి ఐదు మెట్లు’ రాసి వ్యక్తిత్వ వికాసంల పడ్డడు. ఆ పుస్తకాలు బాగనే అమ్ముడుపోయినయి. నాకైతే మనసుకు పట్టలే. మెట్లెక్కుడు చెప్పెటోళ్లు శానమంది ఉన్నరు, రాకెట్ ఎక్కించెటోళ్లే తక్కువ. టీవీలొచ్చి సీరియల్‌ను వారపత్రికల నుంచి గుంజుకపోయినయి. అద్దె లైబ్రరీలు జిరాక్సు దుకాణాలైనయి.

రేపు ఆదివారం ఎట్లాగు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దిక్కు పోతరు గదా. ఆడ అశోక్‌నగర్ కోచింగ్ పోరగాళ్లు గ్రూప్స్ పుస్తకాలు ముందలేసుకొని కూసుంటరు, వాళ్లను సతాయించకుండ్రి. తెలుగు నవలల అలమార ఏడుందో అడగండ్రి. ముందుగాల ‘యుగాంతం’ తెచ్చుకొని చదువుండ్రి. ‘తులసిదళం’ దొరుకుతే మాత్రం పగటిపూటనే చదువుండ్రి. రాత్రి భయపడి నన్ను లేపుతే ఊకోను.