ఛత్తీస్‌గఢ్‌లో 112 విశ్వవిద్యాలయాలు

2000 నవంబర్‌లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్, 2002లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చింది. ఉన్నత, సాంకేతిక విద్యకు ఖజానాలో డబ్బు చాలదు కాబట్టి ప్రైవేటు పెట్టుబడి రావాలన్నది ఆలోచన. ఉద్దేశం తప్పు కాదు. చిక్కంతా 5వ సెక్షన్‌లో ఉంది: గెజిట్‌లో నోటిఫికేషన్ వస్తే చాలు, విశ్వవిద్యాలయం పుట్టినట్టే. భవనం, ల్యాబ్, అధ్యాపకులు తర్వాతి మాట. అలా 112 పుట్టాయి; కొన్ని ఒక్క గదిలోనే నడిచాయి. రాష్ట్రం బయట కూడా కేంద్రాలు తెరుచుకునే వీలుండేది.

యూజీసీ మాజీ చైర్మన్ ప్రొఫెసర్ యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఉన్నత, సాంకేతిక విద్యా ప్రమాణాల సమన్వయం కేంద్ర జాబితాలోని 66వ అంశమని, ఈ పద్ధతి దాన్ని నీరుగారుస్తుందని చెబుతూ 2005 ఫిబ్రవరి 11న కోర్టు 5, 6 సెక్షన్లను కొట్టివేసింది. మరి అప్పటికే చేరిన విద్యార్థుల సంగతి? ఆ సంస్థలను రాష్ట్రంలో ముందునుంచీ ఉన్న విశ్వవిద్యాలయాలకు అనుబంధించే చర్యలు చేపట్టాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అయితే అనుబంధానికి కావలసిన ప్రమాణాలు ఉండాలి. గది తప్ప ఏమీ లేనిచోట ఈ ఊరట ఎంతవరకు పనికొస్తుందో ఊహించవచ్చు.

అదే ఏడాది రాష్ట్రం కొత్త చట్టం చేసింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే నియంత్రణ కమిషన్ రాయ్‌పూర్‌లోనే ఉంది.