పట్టణ పెరటి తోట రూపకల్పన

ఇంటి వెనకో పక్కనో ప్రహరీగోడ లోపల మిగిలిన కొద్దిపాటి నేలను ఇంట్లోవాళ్ల పనులకూ మొక్కలకూ కలిపి తీర్చిదిద్దుకోవడమే పట్టణ పెరటి తోట రూపకల్పన. తెలుగు నగరాల్లో 200 గజాల స్థలంలో ఇల్లు కట్టాక పెరటికి మిగిలేది చాలాసార్లు నూట యాభై, రెండు వందల చదరపు అడుగులే. ఇంత చిన్న చోట నర్సరీకి వెళ్లి నచ్చిన మొక్కలు తెచ్చి నాటితే రెండేళ్లలో అది చీకటి పొదగానో, ఎండిన కుండీల వరుసగానో మారుతుంది. నీళ్లు ఎటు పారతాయో, ఏ నెలలో ఎండ ఎక్కడ పడుతుందో ముందు చూసుకుని, ఆ తర్వాతే మొక్కను ఎంచుకున్న పెరడు నిలుస్తుంది.

పాత పెరడు

కృష్ణా, గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలోనూ, తెలంగాణ భవంతి ఇళ్లలోనూ ఇల్లంతా దాటాక పెరటి తలుపు వచ్చేది. దాని అవతల బావి, చప్టా, గాబు, బట్టలుతికే బండ, రోలు ఉండేవి. ఎవరూ కాగితం మీద గీయకపోయినా ఆ పెరట్లో గట్టి అమరిక ఉంది. చప్టా మీద స్నానం చేసిన నీళ్లు, అంట్లు కడిగిన నీళ్లు చిన్న కాలువగట్టి అరటి పిలకల్లోకి, అక్కడి నుంచి కొబ్బరి మొదట్లోకి, మిగిలితే చేమ మడిలోకి పోయేవి. తడి తక్కువ కావలసిన మునగ, కరివేపాకు, నిమ్మ కాలువకు దూరంగా ఉండేవి. రోజూ పూజకు కోసే నందివర్ధనం, మందారం, గన్నేరు నడిచే దారి పక్కనే చేతికి అందేవి. వాడిన నీటి దారే ఆ తోటకు నక్షా. ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకుంటే ఇప్పటి చిన్న పెరడును కూడా చక్కగా దిద్దుకోవచ్చు.

బావులు పూడిపోయి బోర్లు, కుళాయిలు వచ్చాక ఆ వరుస చెదిరింది. వాడిన నీళ్లు గొట్టాల్లో పడి నేరుగా డ్రైనేజీలోకి పోతున్నాయి. బురద అంటుతుందని, పాములు చేరతాయని, కారు నిలపాలని పెరళ్లకు పూర్తిగా టైల్స్ పరిచారు. నగరంలో చెట్లు తగ్గిపోయాయని బాధపడే ఇంటివాళ్లే తమ ఇంటి చుట్టూ పిడికెడు మట్టి కూడా కనిపించకుండా మూసేయడం మన పట్టణాల్లో అన్నింటికన్నా విచారకరమైన విషయం.

స్థలం, కొలతలు

హైదరాబాద్, విజయవాడల్లో స్థలాన్ని గజాల్లో చెప్పుకుంటారు. ఆంధ్ర ప్రాంతంలో సెంట్ల లెక్క కూడా ఉంది. చదరపు గజం అంటే 9 చదరపు అడుగులు. సెంటు అంటే 48.4 గజాలు, సుమారు 435 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి పేదలకు పంచిన ఇళ్ల పట్టాల్లో పట్టణాల వాటా ఒక్కో సెంటు. అంత చోట వెనక ఒక అరటి గుంపు, గోడ మీదికి ఒక తీగ పాదు, రెండడుగుల ఆకుకూర మడి పడతాయి.

ఇంటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో భవన నిర్మాణ నిబంధనలు చెబుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో జీవో 168 ద్వారా వచ్చిన నిబంధనలు స్థలం విస్తీర్ణాన్ని బట్టి, కట్టడం ఎత్తును బట్టి ముందు, పక్క, వెనక ఖాళీలను నిర్ణయించాయి. చిన్న స్థలాల్లో పక్క ఖాళీ మీటరు దగ్గర్లోనే ఉంటుంది. అందుకే నగరపు పెరడు చాలాచోట్ల చతురస్రంగా కాక పొడవాటి సందులా వస్తుంది. అలాంటి సందులో రెండున్నర అడుగుల నడక దారి వదిలితే మిగిలేది అడుగు లోపు వెడల్పు మట్టి. కూర్చుని పని చేసేటప్పుడు చెయ్యి రెండడుగులకు మించి హాయిగా చాపలేం. అందుకని గోడకు ఆనించిన మడి రెండడుగులు, రెండు వైపుల నుంచీ అందే మడి నాలుగడుగులు దాటకూడదు.

ఎండ

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణ దిక్కున 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ముప్పై అడుగుల ఇల్లు అప్పుడు ఉత్తరం వైపు సుమారు 26 అడుగుల నీడ వేస్తుంది. అంటే ఉత్తరపు పెరడు చలికాలమంతా నీడలోనే ఉంటుంది. అదే చోట మే రెండో వారం నుంచి జులై చివరి దాకా సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తికి కాస్త ఉత్తరంగా నడుస్తాడు. పొద్దున, సాయంత్రం కూడా ఉత్తరం వైపు ఒరిగే ఉంటాడు. దాంతో ఏడాదంతా చల్లగా ఉన్న ఉత్తరపు పెరడు సరిగ్గా రోళ్లు పగిలే ఎండల్లోనే కాలుతుంది. జనవరిలో చూసి నీడ చోటని నమ్మి పెట్టిన సున్నితమైన మొక్క మేలో మాడిపోయేది ఇందుకే. విజయవాడ, విశాఖపట్నాల అక్షాంశాల్లో తేడా డిగ్రీ లోపే కనుక అక్కడా ఇదే తీరు.

కాబట్టి రూపకల్పనకు మొదటి పని ఏడాదిలో కనీసం రెండు కాలాల్లో, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ అంచులను సుద్దతో నేల మీద గీసి పెట్టుకోవడం. మన ఇంటి నీడ కంటే దక్షిణం వైపు ఇంటివాళ్లు వేయబోయే అంతస్తు పెద్ద లెక్క. టమాటా, వంగ, మిరపలకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. తోటకూర, పాలకూర, చుక్కకూర మూడు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. పుదీనా, తమలపాకు, పసుపు, అల్లం నీడపట్టునే సుఖంగా ఉంటాయి. పడమటి గోడ సాయంత్రం దాకా వేడిని పీల్చుకుని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. దానికి జానెడు ఎడంగా తీగలు లాగి బీర పాదునో సన్నజాజినో పాకిస్తే గోడకూ ఆకులకూ మధ్య గాలి ఆడుతుంది, గది చల్లబడుతుంది. పెద్ద చెట్టు నైరుతిలో ఉండాలని వాస్తు పాటించేవాళ్లు అంటారు. మన ఎండ తీరులో మధ్యాహ్నం తర్వాతి వేడిని ఆపేది కూడా ఆ మూలనున్న చెట్టే గనక ఈ మాట నమ్మకం లేనివాళ్లకూ పనికొస్తుంది.

నీళ్లు

హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద అది 80 వేల లీటర్లు. ఆవిరయ్యేది, చిందిపోయేది తీసేసినా అరవై వేల లీటర్లకు పైగా చేతికొస్తుంది. ఆ నీళ్లు వీధి కాలువలోకి పోతూ ఉంటే, అదే ఇంట్లో మే నెలలో ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంటారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే అందరూ వాల్టా అనే చట్టం, వాననీటిని ఇంకించే ఏర్పాట్లను కోరుతుంది. ఇంకుడు గుంతను పునాదికి వీలైనంత ఎడంగా తీసి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక నింపాలి. రేగడి నేలల్లో మరీ జాగ్రత్త పడాలి. ఆ మట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే కుంగి గోడలకు పగుళ్లు తెస్తుంది. హైదరాబాద్‌లో ఎర్రమట్టి కింద మొరం, దాని కింద గ్రానైటు ఉంటాయి గనక గుంతకు ముందు గడ్డపారతో పరీక్షించి చూడాలి. రాయి తగిలిన చోట నీరు ఇంకదు.

చప్టా వాలు ఎనిమిది అడుగులకు ఒక అంగుళం చాలు. దాన్ని డ్రైనేజీ మూత వైపు కాకుండా మట్టి వైపు తిప్పడం మేస్త్రీకి ముందే చెప్పాలి; సిమెంటు ఆరాక దిద్దలేం. చప్టా అంచున రెండడుగుల వెడల్పున కంకర పోసి మెట్టతామర నాటితే, కూరగాయలు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు దాని వేళ్ల గుండా వడకట్టుకుని అరటికి చేరతాయి. బట్టల యంత్రం నీళ్లలో సబ్బు సోడియం ఎక్కువ. రోజూ పోస్తే మట్టి బిగుసుకుపోతుంది. ఆర్వో యంత్రం వదిలే నీళ్లలో లవణాలు చిక్కబడి ఉంటాయి, కుండీలకు అసలే వద్దు, ఇంట్లో నేల తుడవడానికి వాడుకోవాలి. ఇక ఎక్కడా నీరు వారం పాటు నిలవకూడదు. డెంగీ మోసే దోమ గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి ఏడు నుంచి పది రోజులే పడుతుంది. కుండీల కింది పళ్లేలు, వాడని రోలు, కొబ్బరి చిప్పలే దానికి ఇష్టమైన చోట్లు. గాబులో గప్పీ చేపలు వదిలితే పిల్లపురుగులను తినేస్తాయి.

చెట్లు

చిన్న పెరట్లో చెట్టును ఎంచుకోవడమంటే ముప్పై ఏళ్ల పొరుగువాణ్ని ఎంచుకోవడమే. జామ ఇందుకు బాగా లొంగుతుంది. అది కొత్త చిగుళ్ల మీదే కాస్తుంది కనుక ఏటా కత్తిరించి ఏడడుగులకు మించకుండా ఉంచినా కాపు తగ్గదు. దానిమ్మ, నిమ్మ ఎనిమిది పది అడుగుల చోటుతో సరిపెట్టుకుంటాయి. నిమ్మ ముళ్లు మాత్రం దారికి ఎడంగా ఉండాలి. అరటి గుంపులో తల్లి చెట్టుతో పాటు ఒకటి రెండు పిలకలే ఉంచి మిగతావి తీసేయాలి, లేకపోతే గెల చిన్నదైపోతుంది. మునగ కొమ్మ పెళుసు. గాలివానకు విరిగి కరెంటు తీగల మీద పడుతుంది, పైగా కాండం మీద కంబళి పురుగులు గుంపుగా చేరతాయి. పెరియాకుళం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన పీకేఎం-1 లాంటి రకాన్ని వేసి, కాపు కాగానే మూడడుగులకు నరికితే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. మామిడి, పనస, రావి, మర్రి ఈ చోటికి పెద్దవి. పిట్టలు వేసిన రావి మొక్క గోడ పగుల్లో మొలిస్తే వేలెడుగా ఉన్నప్పుడే వేరుతో తీయాలి. వరసగా ఆకుపచ్చ గోడలా పెరుగుతుందని కొనోకార్పస్ నాటినవాళ్లు వేళ్లు గొట్టాల్లో దూరాక పశ్చాత్తాపపడుతున్నారు.

తీర పట్టణాల్లో గాలి కూడా లెక్కలోకి రావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో చెట్లు పెద్ద సంఖ్యలో కూలాయి. అక్కడ ఎత్తు తక్కువగా, తల పలచగా కత్తిరించిన చెట్లే ఇంటికి క్షేమం.

కరివేపాకు లేని తెలుగు పెరడు ఊహకందదు. దాని చుట్టూ వేరు పిలకలు లేస్తూనే ఉంటాయి, ఒక్క మొక్క చాలు. నిమ్మకూ దీనికీ చుట్టరికం ఉంది. నిమ్మ సీతాకోకచిలుక రెండింటి మీదా గుడ్లు పెడుతుంది. పిట్ట రెట్టలా కనిపించే దాని గొంగళి పురుగులు నాలుగు ఆకులు తిన్నా ఓర్చుకోవచ్చు. నిమ్మజాతికి పచ్చదనపు తెగులు మోసే సిల్లా పురుగుకూ కరివేపాకు ఆశ్రయమే. అమెరికాలో ఈ మొక్కను రాష్ట్రాల మధ్య తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నది అందుకే. అక్కడి చలి రాష్ట్రాల్లోని తెలుగువాళ్లు దాన్ని కుండీలో పెంచి, శీతాకాలం ఇంటి లోపలికి తెచ్చుకుంటారు.

బొప్పాయి, మందారం పక్కపక్కన పెట్టేటప్పుడు పిండినల్లిని గుర్తుంచుకోవాలి. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో మన దేశంలో తొలిసారి కనబడింది. మందారం మీదా అంతే ఉధృతంగా చేరుతుంది. 2010లో దాని సహజ శత్రువైన చిన్న కందిరీగను తెప్పించి వదిలాక అదుపులోకి వచ్చింది. పెరట్లో ఘాటు మందు కొడితే ఆ కందిరీగా చస్తుంది. గట్టిగా నీళ్లు చిమ్మి కడగడం, వేపనూనె సరిపోతాయి.

పందిరి

నేల చాలనప్పుడు ఆకాశం మిగిలే ఉంటుంది. ఆరున్నర ఏడడుగుల ఎత్తున ఇనుప గొట్టాలో, సరుగుడు బొంగులో నిలిపి పైన తీగలు అల్లితే కింద కూర్చునే చోటు, పైన కూరగాయలు వస్తాయి. దొండ కొమ్మ నాటితే ఏళ్ల తరబడి కాస్తుంది. పొట్లకాయ నిటారుగా సాగడానికి కొసన చిన్న రాయి కట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. పందిరి ఎత్తు నిర్ణయించేటప్పుడు ఆ కాయ పొడవును కూడా చూసుకోవాలి. నాటు చిక్కుడు పగళ్లు కురచనయ్యాకే పూస్తుంది, సంక్రాంతికి పందిరి నిండుతుంది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఎత్తైన గోడల మధ్య పురుగులు రాకపోతే మగపువ్వు తుంచి ఆడపువ్వుకు అద్దాలి. పిందెలు పసుపుబారి రాలిపోతుంటే చాలాసార్లు లోపం ఎరువులో ఉండదు, ఈ అద్దకంలో ఉంటుంది.

ఇతర దేశాల్లో

క్యోటో నగరపు ఇరుకు వ్యాపార గృహాల్లో లోపల వదిలే త్సుబోనివా అనే తోట చిన్న స్థలానికి పేరెన్నికగన్నది. త్సుబో అంటే సుమారు 3.3 చదరపు మీటర్లు. ఒక రాతి దీపం, నీటి తొట్టి, నాచు, ఫెర్న్ మొక్కలు మాత్రమే ఉండే ఆ చోటు ఇంటికి వెలుతురు, గాలి ఇస్తుంది. మన మండువా చేసిన పనీ అదే. అమెరికాలో గ్యారెట్ ఎక్‌బో 1937లో నగరపు చిన్న తోటల నమూనాలు ప్రచురించాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేసిన థామస్ చర్చ్ 1955లో తెచ్చిన ‘గార్డెన్స్ ఆర్ ఫర్ పీపుల్’ పుస్తకం పెరటిని ఆరుబయటి గదిగా చూడడం నేర్పింది. నేల మీద పరిచే రాళ్లను ఐమూలగా వేస్తే చోటు పెద్దదిగా తోస్తుందన్నది ఆయన తోటల్లో కనిపించే యుక్తి. ఇరవై చిన్న కుండీల కంటే ఒక పెద్ద తొట్టి చూపును నిలుపుతుందన్న సంగతి మన తులసికోట ఎప్పుడో చూపించింది.

పని వరుస

రాజమహేంద్రవరం దగ్గరి కడియం నర్సరీల నుంచి మొక్కలు రెండు రాష్ట్రాలకూ వెళ్తాయి. కొనేటప్పుడు ఎత్తును చూసి మురిసిపోకుండా సంచి అడుగున వేరు చుట్లు తిరిగి ఉందేమో చూడాలి. అంటు మొక్క అయితే అంటు కట్టిన చోటు గట్టిపడిందో లేదో వేలితో తడమాలి. మే నెలలో రెండడుగుల గుంతలు తీసి రెండు వారాలు ఎండకు వదిలి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపిన పైమట్టితో నింపాలి. నిర్మాణం మిగిల్చిన సిమెంటు, ఇటుక ముక్కలు ఆ గుంతల్లోనే బయటపడతాయి. వాటిని పూర్తిగా ఏరకపోతే సున్నపు మట్టిలో నిమ్మ, జామ ఆకులు పాలిపోతాయి. తొలకరి పడి నేల రెండు మూడుసార్లు బాగా తడిశాక, మబ్బు పట్టిన సాయంత్రం చూసి నాటాలి. అంటు కట్టిన చోటు మట్టికి నాలుగు వేళ్లు పైనే ఉండాలి.